సిక్కు తల్లిదండ్రులు, పిల్లల బడి: నా ఉద్యోగంలో తరచూ వినే అపోహలు

పశ్చిమ లండన్‌లోని ఒక పాఠశాలలో ఇంటికీ బడికీ మధ్య వారధిగా పనిచేయడం నా ఉద్యోగం. ఇక్కడి పంజాబీ సిక్కు కుటుంబాల గురించి తోటి ఉపాధ్యాయులు, అప్పుడప్పుడు మన తెలుగువారు కూడా, ఎంతో నమ్మకంగా చెప్పే మాటల్లో కొన్ని సరిచేయవలసి ఉంది.

అపోహ: కొడుకుకు జుట్టు కత్తిరిస్తే మతాన్ని వదిలేసినట్టే.

వాస్తవం: 1950, 60 దశకాల్లో ఇంగ్లండుకు వచ్చిన సిక్కు మగవారిలో చాలామంది పని దొరకడం కోసం కేశాలు తీయించుకున్నారు, కుటుంబాలు వచ్చి చేరి, గురుద్వారాలు వెలిశాక వారిలో కొందరు మళ్ళీ పెంచుకుని తలపాగా చుట్టారు. ఆ చరిత్ర తెలిసిన ఇళ్ళలో జుట్టు గురించిన నిర్ణయం అంత తేలిగ్గా తెగదు. ఆమధ్య ఒక తండ్రి నా ఎదుట కూర్చుని, పదకొండేళ్ళ కొడుకు జుట్టు తీయించమని పోరుతున్నాడని చెప్పాడు. ఆటస్థలంలో ఎవరో అతని పట్కాను, అంటే సిక్కు పిల్లలు జుట్టుపై కట్టుకునే చిన్న తలగుడ్డను, రెండుసార్లు లాగేశారట. "పెద్దయ్యాక ఇష్టపడి తీయించుకుంటే నేను అడ్డుపడను. భయపడి తీయించుకుంటే మాత్రం ఆ తప్పు నాది" అన్నాడు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే: పట్కా లాగడాన్ని మీరు వేధింపుగా రాసుకున్నారా? పుస్తకం తీసి చూస్తే "తోపులాట" అని ఉంది. ఆ పదం ఆ రోజే మార్పించాను.

అపోహ: తలపాగా, కడా (సిక్కులు చేతికి వేసుకునే ఉక్కు కంకణం) కోసం పట్టుబట్టేవారికి చదువంటే లెక్కలేదు.

వాస్తవం: బర్మింగ్‌హామ్‌లో ఒక ప్రైవేటు బడి తలపాగా తీసి, జుట్టు కత్తిరించుకుంటేనే చేర్చుకుంటామన్నప్పుడు గురీందర్ సింగ్ మాండ్లా అనే బాలుడి తండ్రి కోర్టుకెక్కాడు, కింది కోర్టుల్లో ఓడిన ఆ కేసులో, సిక్కులు జాతి వివక్ష చట్టం పరిధిలోకి వచ్చే సమూహమేనని 1983లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ తీర్పునిచ్చింది. అప్పటికే బాలుడు వేరే బడిలో చదువుకుంటున్నాడు. అంటే తండ్రి కేసునూ నడిపాడు, చదువునూ ఆపలేదు. 2008లో వేల్స్‌లోని అబర్‌డేర్‌లో కడా తీయనన్నందుకు బడికి దూరమైన బాలిక కూడా గెలిచింది. గడియారాన్నీ చెవి దిద్దులనూ అనుమతించిన నియమం కడాను మాత్రం నగ అంది. వ్యాయామం వేళ దానిపై మణికట్టు పట్టీ తొడిగితే సరిపోయే సంగతి ఇది!

అపోహ: సిక్కు బడికి పంపేవారు నలుగురిలో కలవడానికి ఇష్టపడరు.

వాస్తవం: బ్రిటన్‌లో ప్రభుత్వ నిధులు పొందిన తొలి సిక్కు బడి, హేస్‌లోని గురునానక్ పాఠశాల, 1999 నుంచి ఆ నిధులతో నడుస్తోంది, జాతీయ పాఠ్యప్రణాళికతో పాటు పంజాబీ, సిక్కు ధర్మం నేర్పుతుంది. అటువంటి బడులు కొన్నే కాబట్టి ఎక్కువమంది పిల్లలు మామూలు బడుల్లోనే ఉన్నారు. నాకు తెలిసిన ఒక తల్లి పెద్దవాణ్ణి సిక్కు బడిలో వేసి, చిన్నమ్మాయిని మా దగ్గరికి పంపింది. కారణం అడిగితే, "వాడు మాట పడి వచ్చి రాత్రంతా నిద్రపోడు. ఇది అక్కడికక్కడే తిరిగి చెప్పి వస్తుంది" అంది.