బైపాప్ పెట్టారంటే ఆఖరి దశేనా? అపోహలు - వాస్తవాలు

వైరల్ న్యుమోనియా ముదిరి ఐసీయూలో చేరినవాళ్ల బంధువులు నన్ను మందుల గురించి తక్కువ, బైపాప్ లాంటి శ్వాసకు సాయపడే యంత్రాల మాస్కు గురించి ఎక్కువ అడుగుతారు. ఆ ప్రశ్నల్లో కొన్ని 2009 స్వైన్ ఫ్లూ నాటివి. చాలావరకు మాత్రం కోవిడ్ రోజుల్లో గాంధీ, టిమ్స్ ఆసుపత్రుల గేట్ల దగ్గర పుట్టినవే. హైదరాబాద్‌లో చలికాలం ఫ్లూ కేసులు పెరిగితే చాలు, అవన్నీ మళ్లీ వినిపిస్తాయి.

అపోహ: బైపాప్ పెట్టారంటే చేయి దాటిపోయినట్లే.

వాస్తవం: కాదు. మనవాళ్లు వెంటిలేటర్ అంటే భయపడేది గొంతులో గొట్టం, మత్తు వల్ల. బైపాప్, సీపాప్‌లకు ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు చాలు, పేషెంట్ మెలకువగానే ఉంటారు. సీపాప్ ఒకే ఒత్తిడితో గాలి పంపి, ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా ఆపుతుంది. బైపాప్ పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడి, వదిలేటప్పుడు తక్కువ ఇస్తుంది కాబట్టి శ్వాస కండరాల కష్టం తగ్గుతుంది. హెచ్ఎఫ్ఎన్‌సీ (హై ఫ్లో నేసల్ కాన్యులా) అయితే వేడి, తేమ కలిపిన ఆక్సిజన్‌ను ముక్కు ద్వారా నిమిషానికి 60 లీటర్ల వరకు పంపుతుంది. బ్రిటన్‌లో కోవిడ్ పేషెంట్లపై జరిగిన రికవరీ-ఆర్ఎస్ ట్రయల్‌లో నెల రోజుల్లో గొట్టం వేయాల్సి వచ్చినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి మామూలు ఆక్సిజన్ తీసుకున్నవారిలో 44 శాతం, సీపాప్ తీసుకున్నవారిలో 36 శాతం.

అపోహ: "గొట్టం మాత్రం వద్దు డాక్టర్‌గారూ, ఎన్నాళ్లయినా మాస్కు మీదే ఉంచండి."

వాస్తవం: నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే మాట ఇదే. పేషెంట్ ఆయాసంతో బలంగా గాలి లాగుతున్నప్పుడు, ఆ లాగుడుకే జబ్బుపడిన ఊపిరితిత్తి ఇంకా దెబ్బతినే ప్రమాదం ఉంది. మాస్కుతో పని జరగనప్పుడు గొట్టం ఆలస్యం చేస్తే ప్రాణాపాయం పెరుగుతుంది.

మీరు మానిటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ శాతం 92 చూసి ఊపిరి పీల్చుకుంటారు. మేం దాని పక్కన ఇంకో రెండు అంకెలు చూస్తాం: ఎంత శాతం ఆక్సిజన్ ఇస్తున్నాం, నిమిషానికి ఎన్నిసార్లు శ్వాస తీస్తున్నారు. హెచ్ఎఫ్ఎన్‌సీ మీద ఉన్న న్యుమోనియా పేషెంట్లకు రాక్స్ ఇండెక్స్ అని ఒక లెక్క ఉంది. 60 శాతం ఆక్సిజన్ మీద 92 ఉందనుకోండి. 92ని 0.6తో భాగిస్తే సుమారు 153. దాన్ని నిమిషానికి తీసే శ్వాసలతో భాగించాలి: ఒక పేషెంట్‌కు శ్వాసలు 24 అయితే ఇండెక్స్ 6.4, ఇంకొకరికి 36 అయితే 4.3. హెచ్ఎఫ్ఎన్‌సీ మొదలుపెట్టిన 2, 6, 12 గంటలకు చూసినప్పుడు 4.88 లేదా ఆపైన ఉంటే గొట్టం అవసరం రాకపోవచ్చని కొంత ధైర్యం. మానిటర్‌లో ఇద్దరికీ కనిపించేది అదే 92. లెక్క ఒక్కటే చాలదు, మెడ కండరాలు ఎగదన్నుతున్నాయా, మనిషి మగతలోకి జారుతున్నారా అని కూడా చూస్తాం. గొట్టం గురించి మేం ముందుగానే మాట్లాడితే ఆశ వదులుకున్నామని కాదు.

అపోహ: ఆక్సిజన్ 100 చూపిస్తేనే సేఫ్.

వాస్తవం: చాలామందికి 92 నుంచి 96 సరిపోతుంది. సీఓపీడీ అనే పాత ఊపిరితిత్తుల జబ్బు ఉంటే 88 నుంచి 92 చాలు, ఎక్కువ ఇస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవచ్చు.

అపోహ: కోఠిలో కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసే యంత్రం), బైపాప్ కొనుక్కుని ఇంట్లోనే చూసుకోవచ్చు.

వాస్తవం: ఇళ్లలో వాడే కాన్సంట్రేటర్లు సాధారణంగా నిమిషానికి 5 లేదా 10 లీటర్లు ఇచ్చేవి. ఇంటి బైపాప్‌లు ఎక్కువగా గురక జబ్బుకు, పాత ఊపిరితిత్తుల జబ్బులకు ఉద్దేశించినవి. ఆ కాన్సంట్రేటర్ ఆక్సిజన్ బైపాప్ గాలిలో పల్చబడిపోతుంది. పైగా రాత్రి రెండింటికి శ్వాసలు లెక్కపెట్టేదెవరు?

అపోహ: మాస్కు అలవాటైతే ఇక వదల్లేరు.

వాస్తవం: ఊపిరితిత్తి కోలుకునే కొద్దీ ఒత్తిడి, ఆక్సిజన్ తగ్గించుకుంటూ వస్తాం. అలవాటు అనేదేమీ లేదు.

అపోహ: మాస్కు కాస్త పక్కకు జరిపి నాలుగు ముద్దలు పెడితే బలం వస్తుంది.

వాస్తవం: ఇంటి నుంచి వచ్చే పప్పన్నం బాక్సు వెనక ప్రేమ నాకు తెలుసు. కానీ మాస్కు తీసిన కొద్ది నిమిషాల్లోనే ఆక్సిజన్ పడిపోయేవాళ్లున్నారు. బైపాప్ గాలి కొంత పొట్టలోకీ పోతుంది, నిండు కడుపుతో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. నర్సును అడిగి, ఆమె సరేనన్నప్పుడే, కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పెట్టండి.

అపోహ: బోర్లా పడుకోబెట్టి హింసిస్తున్నారు.

వాస్తవం: బోర్లా పడుకుంటే వీపు వైపు ఊపిరితిత్తికి గాలి బాగా చేరుతుంది. హెచ్ఎఫ్ఎన్‌సీ మీద ఉన్న కోవిడ్ పేషెంట్లను ఇలా పడుకోబెడితే గొట్టం అవసరం తగ్గిందని 2021లో ఆరు దేశాల ట్రయల్స్‌ను కలిపి చూసినప్పుడు తేలింది. పేషెంట్ విసుక్కుంటారు, నిజమే. ఛాతీ కింద దిండు సర్దండి, ఫోన్ చేతికివ్వండి. మా మాటకన్నా మనవరాలి వీడియో కాల్‌కే ఎక్కువసేపు ఉంటారు.