‘ఓకే’ పుట్టిన తేదీ: పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

‘ఓకే’ అనే మాట యుద్ధభూమిలో పుట్టిందని మీలో ఒకరు నాకు రాశారు. అమెరికా అంతర్యుద్ధంలో ఒక రోజు సైనికులు ఎవరూ చనిపోకపోతే ‘జీరో కిల్డ్’ అని పలక మీద రాసేవారట. ఆ సున్నా, ఆ ‘కె’ కలిసి ‘ఓకే’ అయ్యాయట. ఈ సందేశం చాలా ఫోన్లలో తిరుగుతోంది. ప్రాణాలు పోలేదన్న కబురు కాబట్టి చదవగానే మనసుకు హత్తుకుంటుంది, మరో నలుగురికి పంపాలనిపిస్తుంది. కానీ అది నిజం కాదు. అసలు కథ ఇంకా బాగుంటుంది. పైగా దానికి ఒక తేదీ కూడా ఉంది: 1839 మార్చి 23.

ఆ రోజు అమెరికాలోని బోస్టన్ నగరంలో ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ అనే పత్రిక ఒక చిన్న వార్త వేసింది. దాని సంపాదకుడు చార్ల్స్ గోర్డన్ గ్రీన్. గంటలు మోగించడాన్ని వ్యతిరేకించే సంఘం అని సరదాగా పేరు పెట్టుకున్న కొందరు బోస్టన్ వాసులు న్యూయార్క్‌కు బయలుదేరిన సంగతి మీద, పొరుగున ఉన్న ప్రావిడెన్స్ నగర పత్రికకు ఆయన హాస్యంగా జవాబిచ్చారు. ఆ జవాబు మధ్యలో ‘ఓ.కె.’ అని రాసి, దాని పక్కనే ‘ఆల్ కరెక్ట్’ అని అర్థం కూడా ఇచ్చారు. అంటే అంతా సరిగ్గా ఉందని. మనకు తెలిసినంతలో ఈ మాట అచ్చులో స్పష్టంగా కనిపించే మొదటి చోటు అదే. ‘ఆల్ కరెక్ట్’ అనే ఆ రెండు పదాలే తర్వాతి తరాలకు పెద్ద సాక్ష్యమయ్యాయి.

‘ఆల్’ అనే ఇంగ్లీషు మాట ‘ఏ’ అక్షరంతో మొదలవుతుంది, ‘కరెక్ట్’ అనేది ‘సి’ అక్షరంతో. ఆ లెక్కన పొడి అక్షరాలు ‘ఏ.సి.’ కావాలి కదా? మరి ‘ఓ.కె.’ ఎలా వచ్చిందని మీకు సందేహం రావాలి. 1838, 1839 ప్రాంతంలో బోస్టన్ పత్రికల వాళ్లకు పొడి అక్షరాల మోజు పట్టుకుంది. వీలు కాదు అనడానికి ‘ఎన్.జి.’ అని రాసేవారు, అది ‘నో గో’ అనే మాటకు కుదింపు. అల్పమైన విషయమైతే ‘ఎస్.పి.’, అంటే ‘స్మాల్ పొటాటోస్’, చిన్న బంగాళాదుంపలు. కొన్నాళ్లకు ఇది కూడా చప్పగా అనిపించిందేమో, కావాలనే స్పెల్లింగు తప్పు రాసి, ఆ తప్పు స్పెల్లింగుకు పొడి అక్షరాలు తీయడం మొదలుపెట్టారు. ‘ఆల్ రైట్’ ఇలాగే ‘ఓ.డబ్ల్యు.’ అయింది. ‘నో యూజ్’ను ‘కె.వై.’ చేశారు. ‘ఆల్ కరెక్ట్’ను చదువు రానివాళ్లు రాసినట్టుగా ‘ఓల్ కొరెక్ట్’ అని రాసి ‘ఓ.కె.’ చేశారు. అంతా సరిగ్గా ఉందని చెప్పే మాటలోనే రెండక్షరాలూ తప్పు. ఆ కాలపు పాఠకులకు అందులోనే నవ్వు.

ఇదంతా మనకు ఎలా తెలిసింది? ఈ ఉత్తరంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ సంగతే. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆంగ్లం బోధించిన అలెన్ వాకర్ రీడ్ అనే భాషావేత్త ఉండేవారు. 1906లో పుట్టి 2002లో మరణించారు. ఆయన పాత పత్రికల కట్టలు తిరగేసి, ‘ఓకే’ కనిపించిన ప్రతి చోటునూ తేదీతో సహా రాసుకున్నారు. 1941లో ప్రకటించిన వ్యాసంలో ఆయన ఈ మాట మూలాన్ని 1840 నాటి ఎన్నికల దాకా తీసుకెళ్లగలిగారు. అక్కడితో ఆగలేదు. ఇంకా వెనక్కి వెతుకుతూ వెళ్లి 1839 నాటి బోస్టన్ పత్రికను చేరుకున్నారు. 1963, 64 సంవత్సరాల్లో ‘అమెరికన్ స్పీచ్’ అనే పత్రికలో వరసగా వ్యాసాలు రాసి ఆధారాలన్నీ ముందు పెట్టారు. కంప్యూటర్లో మాట కొడితే పాత పేజీలు కళ్ల ముందు వాలే రోజులు కావవి. ప్రతి పేజీని కళ్లతో గాలించాల్సిందే. రెండక్షరాల కోసం ఒక పండితుడు ఇన్నేళ్లు వెచ్చించాడంటే నాకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

ఇప్పుడు ఆ ఒక్క తేదీని చేతిలో పట్టుకుని, చెలామణిలో ఉన్న కథలను పరీక్షించి చూడండి. అమెరికా అంతర్యుద్ధం మొదలైంది 1861లో. అప్పటికి ‘ఓకే’ అచ్చయి 22 ఏళ్లు. కాబట్టి సైనికుల పలక కథ నిలవదు. ఆ యుద్ధంలోనే సైన్యానికి బిస్కట్లు అమ్మిన వ్యాపారి పొడి అక్షరాలు పెట్టెల మీద ఉండేవని, అవే ‘ఓకే’ అయ్యాయని ఇంకో కథ ఉంది. అదీ అదే కారణంతో పోతుంది. టెలిగ్రాఫ్ ఆపరేటర్లు ‘ఓపెన్ కీ’ అనే మాటను కుదించారని కొందరంటారు. శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల మధ్య తీగ వేసి సందేశం పంపింది 1844లో. ఐదేళ్లు ఆలస్యం. ఒక్క తేదీతో మూడు కథలు తేలిపోయాయి.

అన్ని కథలూ ఇంత సులువుగా తేలవు. చోక్టా అనే అమెరికా ఆదివాసీ జాతి భాషలో ‘ఓకే’ను పోలిన మాట ఉంది. దానికి ‘అవును, అంతే’ వంటి అర్థం. 1913 నుంచి 1921 వరకు అధ్యక్షుడిగా ఉన్న వుడ్రో విల్సన్ ఈ వాదాన్ని నమ్మి, కాగితాల మీద ఆమోదం తెలిపేటప్పుడు చోక్టా పద్ధతిలో చివర ‘హెచ్’ చేర్చి రాసేవారు. పశ్చిమ ఆఫ్రికాలోని వోలోఫ్ భాషలో ‘వావ్ కే’ అనే పలుకు ఉందని, బానిసలుగా తెచ్చిన మనుషులతో అది అమెరికా చేరిందని ఇంకొందరు వాదించారు. ‘అంతా బాగుంది’ అనే అర్థంలో ‘ఓలా కాలా’ అనే తమ మాటను గ్రీకులు చూపిస్తారు. ఇవన్నీ 1839 కంటే పాత భాషలే కాబట్టి తేదీ ఒక్కటే చూసి కొట్టెయ్యలేం. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు: ఆ భాష నుంచి బోస్టన్ పత్రిక దాకా మాట నడిచి వచ్చిన జాడ ఎక్కడైనా రాతలో ఉందా? రీడ్ వెతికినంతలో అలాంటి జాడ దొరకలేదు. బోస్టన్ మూలానికైతే అదే ఊరి పత్రికల్లో అదే ధోరణి పొడి అక్షరాలు గుంపుగా తోడున్నాయి, పైగా అర్థం పక్కనే అచ్చయి ఉంది. అందుకే నేను ఆ వైపే నిలబడతాను.

కానీ ఒక విషయం మరచిపోకండి. బానిసలుగా బతికిన మనుషుల మాటలను, ఆదివాసీల మాటలను ఆనాటి పత్రికలు పట్టించుకుని అచ్చు వేసేవి కావు. రాతలో లేనంత మాత్రాన నోట లేదని చెప్పడం న్యాయం కాదు. ఆ వాదాలు చేసినవాళ్లను తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. ఆధారం ఎటు ఎక్కువగా ఉందో చెప్పాలి, అంతవరకే.

సరే, ఆ మోజులో పుట్టిన మిగతా పొడి అక్షరాలు దాదాపు అన్నీ మాసిపోతే ‘ఓకే’ ఒక్కటే ఎలా బతికింది? దానికి ఎన్నికలు కలిసొచ్చాయి. 1840లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరన్ రెండోసారి పోటీకి దిగారు. ఆయన సొంత ఊరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అనుచరులు ఆయనను ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని ముద్దుగా పిలిచి, ‘ఓ.కె. క్లబ్బు’లు పెట్టుకున్నారు. ఓకే అంటే మన నాయకుడు, ఓకే అంటే అంతా సరిగ్గా ఉంది అని ఒకే దెబ్బకు రెండు అర్థాలు. ప్రత్యర్థులైన విగ్ పార్టీ వాళ్లు ఊరుకుంటారా? వాన్ బ్యూరన్‌కు ముందు అధ్యక్షుడిగా ఉన్న ఆండ్రూ జాక్సన్‌కు స్పెల్లింగు రాదని, కాగితాల మీద ‘ఓల్ కొరెక్ట్’ అని రాసేవాడని ప్రచారం చేశారు. అది ఎన్నికల వేళ ఎగతాళిగా అల్లినది. అయినా చాలామంది దాన్ని చరిత్రగానే నమ్ముతూ వచ్చారు. చివరికి వాన్ బ్యూరన్ ఓడిపోయారు. గెలిచిన విలియం హెన్రీ హారిసన్ పదవి చేపట్టిన నెల రోజులకే కన్నుమూశారు. ఇద్దరికంటే ఎక్కువ కాలం నిలిచింది ఆ నినాదమే.

ఆ తర్వాత రైల్వేలు, టెలిగ్రాఫు దాన్ని అందుకున్నాయి. వచ్చిన సందేశం సరిగ్గా అందిందని తిరిగి చెప్పడానికి ఇంత చిన్న మాట దొరకడం ఆపరేటర్లకు ఎంతో వీలైంది. సరదా పోయి పనిముట్టుగా మారింది. 1969 జూలై 20న అపోలో 11 నౌక చంద్రుడి మీద దిగిన క్షణాల్లో వ్యోమగామి బజ్ ఆల్డ్రిన్ నోట వచ్చిన మాటల్లోనూ ఇది ఉంది. కిందికి వేలాడే కడ్డీ చంద్రుడి నేలను తాకిందని తెలిపే దీపం వెలిగిందని చెప్పి, ఆ వెంటనే ‘ఓకే, ఇంజన్ స్టాప్’ అన్నారు.

మీ కంప్యూటర్ తెర మీద ‘ఓకే’ మీట కూడా ఊరికే రాలేదు. యాపిల్ సంస్థ 1983లో విడుదల చేసిన లిసా అనే కంప్యూటర్‌ను తయారీ దశలో మామూలు మనుషులకిచ్చి పరీక్షించారు. అప్పట్లో ఆ మీట మీద ‘డూ ఇట్’ అని ఉండేది. రెండు మాటల మధ్య ఖాళీ సరిపోక, పెద్ద ‘ఐ’ అక్షరం చిన్న ‘ఎల్’ అక్షరంలా కనిపించి, కొందరు దాన్ని ‘డోల్ట్’ అని చదివారు. ఆ మాటకు మందబుద్ధి అని అర్థం. ఈ యంత్రం నన్నెందుకు తిడుతోందని పరీక్షకు వచ్చిన ఒకరు నొచ్చుకున్నారట. అందుకని ‘ఓకే’ పెట్టారు.

ఇక అర్థాల సంగతి. ‘ఓకే’ మంచిదని చెప్పదు, చెడ్డదని చెప్పదు. ఒప్పుకుంటుంది. అందుకే ఎవరు, ఎప్పుడు, ఏ గొంతుతో అన్నారన్నదాన్ని బట్టి దాని బరువు మారిపోతుంది. డాక్టరు రిపోర్టులు చూసి ‘ఓకే’ అంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. పొద్దున్నించీ పొయ్యి దగ్గర నిలబడి వండిన అమ్మ కూర ఎలా ఉందని అడిగినప్పుడు అదే ‘ఓకే’ అంటే ఆమె ముఖం చిన్నబోతుంది. టీచరు ‘ఓకే’ అంటూ పుస్తకం మూస్తే పాఠం అయిపోయిందని, తెరిస్తే మొదలైందని మీకు తెలుసు. సినిమా వాళ్లకు టేక్ ఓకే అవుతుంది, కథ ఓకే అవుతుంది. ఆఫీసులో బిల్లు ఓకే చేస్తారు. మన భాష దానికి తన ప్రత్యయాలు తగిలించి తనలో కలుపుకుంది. ‘ఓకేనా’ అని అడుగుతాం. ‘ఓకేలే’ అని సర్దుకుపోతాం. ‘ఓకేనండీ’ అని గౌరవం కూడా చేరుస్తాం. ఇంగ్లీషులో లేని మర్యాద అది, నాకు ఎంతో ఇష్టం.

ఫోను సందేశాల్లో మీ తరం దీన్ని ఇంకా కుదించి ఒక్క ‘కె’ చేసింది. ఆ ఒక్క అక్షరం వస్తే అవతలివాళ్లకు కోపం వచ్చిందని మీరు అనుకుంటారని విన్నాను. మీ తాతలకు, అమ్మమ్మలకు ఆ సంగతి తెలియదు. వాళ్లు తొందరలో కొట్టినదాన్ని అలకగా తీసుకోకండి.

2019లో ‘ఓకే బూమర్’ అనే మాట ఇంటర్నెట్‌లో దేశదేశాలకూ పాకింది. బూమర్లంటే 1946 నుంచి 1964 మధ్య పుట్టినవాళ్లు, అంటే నా ఈడువాళ్లు. ఆ ఏడాది నవంబరులో న్యూజిలాండ్ పార్లమెంటులో క్లోయీ స్వార్‌బ్రిక్ అనే 25 ఏళ్ల సభ్యురాలు వాతావరణ మార్పు మీద మాట్లాడుతుంటే ఒక సభ్యుడు అడ్డు తగిలారు. ఆమె ‘ఓకే బూమర్’ అనేసి ప్రసంగం కొనసాగించారు. పెద్దలు వినడం మానేస్తే పిల్లలు ఒప్పుకోవడానికి వాడే మాటనే సంభాషణ ముగించడానికి వాడతారని నాకు అప్పుడు అర్థమైంది. ఆ మాట విని నా ఈడువాళ్లు నొచ్చుకున్నారు. నాకైతే ఆ అమ్మాయి ఏం చెబుతోందో ముందు వినాల్సింది అనిపించింది.

చేతి సైగ విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టడం అమెరికాలో ఓకే. జపానులో అది డబ్బుకు గుర్తు. ఫ్రాన్సులో దేనికీ కొరగాదనే అర్థం కూడా వస్తుంది. బ్రెజిల్‌లో అది బూతు. నీళ్లలోకి దిగే స్కూబా ఈతగాళ్లకు క్షేమంగా ఉన్నానని చెప్పడానికి ఇదే సైగ. అక్కడ బొటనవేలు పైకి ఎత్తితే మాత్రం బాగున్నానని కాదు, పైకి వెళ్లిపోదామని అర్థం.

మీకొక పని చెబుతాను. రీడ్ ఇంగ్లీషుకు చేసింది తెలుగుకు మీరు చెయ్యండి. ‘ఓకే’ తెలుగు అచ్చులో ఎప్పుడు అడుగుపెట్టిందో వెతకండి. 1902లో మొదలైన కృష్ణా పత్రిక, 1908లో మొదలైన ఆంధ్రపత్రిక పాత సంచికలు కొన్ని ఇప్పుడు కంప్యూటర్లో చదవడానికి వీలుగా ఉన్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలను భద్రంగా దాచారు. సెలవుల్లో వెళ్లిరండి. మాట కనిపిస్తే మొత్తం వాక్యం రాసుకోండి, దానితోపాటు పత్రిక పేరు, తేదీ, పేజీ కూడా. ఎవరో చెప్పారని రాయకండి, మీ కంటితో చూసిందే రాయండి. మీకంటే పాత తేదీ ఇంకొకరికి దొరికితే మీ కాగితంలో దిద్దుకోండి. దొరికినవన్నీ నాకు పంపండి, ఒక్కొక్కటీ చదివి జవాబు రాస్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య