బల్ల అడుగున, పతకం అంచున: బ్రిటిష్ పురాతన వస్తువులపై అపోహలు – వాస్తవాలు

మా నాన్నగారు గోదావరి ఒడ్డున టేకుతో తలుపులు, మంచాలు చేసిన వడ్రంగి. నేను ఇంగ్లండులో పాత ఫర్నిచర్‌ను బాగుచేసే వృత్తిలో ఇరవై మూడేళ్ళుగా ఉన్నాను. ఒక ఇంటి సామాను కార్ఖానాకు వచ్చినప్పుడు బల్లలు, కుర్చీలతో పాటు పింగాణీ, వెండి సామాను, సొరుగుల్లో మరచిపోయిన స్మారక పతకాలు కూడా వస్తాయి కనుక వాటినీ పరిశీలించడం నేర్చుకోవలసి వచ్చింది. ఇక్కడ స్థిరపడిన తెలుగువారు, హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ ఫొటోలు పంపేవారు అడిగే ప్రశ్నల్లో కొన్ని నమ్మకాలు పదే పదే వినిపిస్తాయి. వాటివల్ల డబ్బు నష్టపోవడం ఒక ఎత్తు, మంచి వస్తువు చేజేతులా పాడుకావడం మరొక ఎత్తు. ఒక వస్తువులో ఎదురుగా కనిపించే భాగాన్ని పనివాడు కొనుగోలుదారు కోసం తీర్చిదిద్దుతాడు. దాని వయసు మాత్రం ఎవరూ చూడరనుకుని అతను వదిలేసిన చోట తెలుస్తుంది. కింద రాసినవన్నీ ఆ చోట్లను ఎలా చూడాలో చెప్పడానికే.

అపోహ: "చిప్పెండేల్ కుర్చీ" అంటే థామస్ చిప్పెండేల్ చేసిన కుర్చీ.

చిప్పెండేల్ (1718–1779) యార్క్‌షైర్‌లోని ఓట్లీలో పుట్టి, లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ లేన్‌లో ఫర్నిచర్ కార్ఖానా నడిపిన వ్యక్తి. 1754లో ఆయన తన నమూనాలను ఒక పెద్ద పుస్తకంగా అచ్చువేయించారు. ఆ పుస్తకం ఏ ఊరికి చేరితే ఆ ఊరి వడ్రంగి అందులోని బొమ్మను చూసి, తన దగ్గరున్న చెక్కకూ తన గిరాకీదారు స్తోమతుకూ తగిన మార్పులు చేసుకుని కుర్చీ తయారుచేశాడు. విక్టోరియా రాణి కాలంలో అవే నమూనాలు మళ్ళీ వాడుకలోకి వచ్చాయి, 20వ శతాబ్దంలో కర్మాగారాలు వాటిని యంత్రాలతో చేశాయి. కాబట్టి బజారులో ఆ పేరు ఒక శైలిని మాత్రమే సూచిస్తుంది. చిప్పెండేల్‌కు తన సామాను మీద ముద్ర వేసే అలవాటు లేదు. ఒక వస్తువు ఆయన కార్ఖానాలోదే అని చెప్పడానికి ఆధారం ఆ ఇంటి కాగితాల్లో దొరికే బిల్లు, లేదా ఉత్తరం. హేర్‌వుడ్ హౌస్, నాస్టెల్ ప్రయరీ, స్కాట్లండులోని డంఫ్రీస్ హౌస్ వంటి భవనాల్లోని సామానుకు అటువంటి ఆధారాలు ఉన్నాయి.

లండన్‌లోనే ఫర్నిచర్ చేసిన జార్జ్ హెపుల్‌వైట్ విషయం ఇంకా విచిత్రం. ఆయన 1786లో మరణించారు. ఆయన పేరును ప్రపంచానికి తెలిపిన నమూనాల పుస్తకాన్ని 1788లో ఆయన భార్య ఆలిస్ ప్రచురించారు. ఆయన చేతి పనే అని నిర్ధారణగా చెప్పగల వస్తువు ఒక్కటి కూడా నేటికీ లేదు. అయినా ప్రతి వేలంలోనూ ఆ పేరు వినబడుతుంది.

వేలం జాబితాల భాషను కూడా జాగ్రత్తగా చదవాలి. "మూడవ జార్జ్ మహాగనీ బల్ల" అని రాస్తే ఆ రాజు ఏలిన 1760–1820 మధ్య చేసినదని వేలంశాల చెబుతున్నట్టు. "మూడవ జార్జ్ శైలి బల్ల" అని రాస్తే తరవాతి కాలంలో ఆ పద్ధతిలో చేసినదని అర్థం. "శైలి" అన్న ఒక్క మాట దగ్గర ధర ఎన్నో రెట్లు మారిపోతుంది.

అపోహ: పురుగు తొలిచిన రంధ్రాలు ఉంటే వస్తువు పాతదే.

ఇది అన్నిటికంటే బలంగా పాతుకుపోయిన నమ్మకం. ఇంగ్లండులో ఫర్నిచర్‌ను తినే సాధారణమైన పురుగు పిల్లదశలో రెండు నుంచి ఐదేళ్ళు చెక్క లోపలే ఉండి, రెక్కలు వచ్చాక సుమారు 1.5–2 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం చేసుకుని బయటపడుతుంది. దానికి 1750 నాటి కొయ్య, 1950 నాటి కొయ్య అన్న భేదం లేదు. రంధ్రాల్లోంచి లేత రంగు పొడి రాలుతుంటే అందులో ఇప్పటికీ పురుగు ఉందని అనుమానించి, ఆ వస్తువును మిగతా సామానుకు దూరంగా ఉంచి మందు వేయించాలి.

పురుగు దారి ఒక్క సందర్భంలో గట్టి సాక్ష్యం చెబుతుంది. పురుగు బయటికి రావడానికి రంధ్రం చేస్తుంది గాని చెక్క పైతలం వెంబడి కాలువ తవ్వుకుంటూ పోదు. బల్ల కాలి మీద గానీ కుర్చీ వీపు మీద గానీ పొడవాటి సొరంగాలు సగానికి కోసినట్టు తెరుచుకుని కనిపిస్తే, ఎవరో పురుగు తిన్న పాత చెక్కను తెచ్చి, కోసి, చిత్రిక పట్టి కొత్తగా మలిచారన్నమాట. అది పాత చెక్కే, కానీ పాత కుర్చీ కాదు.

వయసు తెలుసుకోవడానికి నేను మొదట తీసేది కొలత టేపు. వానాకాలంలో తలుపులు ఉబ్బి బిగుసుకుపోవడం, వేసవిలో సందులు పడడం మనం చిన్నప్పటి నుంచి చూసినదే. చెక్క తన నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది, నార పొడవునా దాదాపు మారదు. అందువల్ల 250 ఏళ్ళ నాడు వృత్తంగా కోసిన ఒంటిపలక బల్ల నేడు కచ్చితమైన వృత్తంగా ఉండదు. నార వెంబడి ఒక కొలత, అడ్డంగా దానికంటే కొన్ని మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. తరిమెన పట్టిన గుండ్రటి కాళ్ళలోనూ ఇదే తేడా వేళ్ళకు తెలుస్తుంది. రెండు వైపులా ఒకే కొలత ఉన్న "18వ శతాబ్దపు" బల్లను నేను అంత సులువుగా నమ్మను.

తరవాత సొరుగును పూర్తిగా బయటికి లాగి తిరగవేస్తాను. చేతి రంపం గుర్తులు తిన్నగా, ఎడం తప్పుతూ ఉంటాయి. గుండ్రటి యంత్రపు రంపం గుర్తులు విల్లులా వంగి ఉంటాయి, అవి ఉంటే వస్తువో, ఆ పలకో 19వ శతాబ్దానిది, లేదా ఆ తరవాతిది. డవ్‌టెయిల్ అతుకులు (పావురం తోక ఆకారపు పళ్ళతో పలకలను కలిపేవి) చేతితో కోసినవైతే ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉంటాయి. మొన సూదిగా ఉన్న స్క్రూలు 19వ శతాబ్దం మధ్యలో గాని వాడుకలోకి రాలేదు. సొరుగు ముఖం లోపలివైపు పూడ్చిన రంధ్రాలు కనిపిస్తే పిడులు మార్చారని అర్థం. పిడులు మార్చడం తప్పు కాదు, బయటి రంధ్రాలకూ లోపలి రంధ్రాలకూ పొంతన లేకపోతేనే ఆ ముఖం మరో బీరువా నుంచి వచ్చిందేమో చూడాలి. రెండు వేరు వేరు వస్తువుల పైభాగాన్నీ కిందిభాగాన్నీ కలిపి ఒకటిగా అమ్మే అలవాటు ఇక్కడి బజారులో పాతదే, దానిని "పెళ్ళి" అని పిలుస్తారు. పుస్తకాల బీరువా కింద రాతబల్ల ఉన్న వాటిలో ఇది ఎక్కువ. రెండింటి వెనక పలకలూ పక్కపక్కన చూస్తే నిజం బయటపడుతుంది.

అపోహ: వెనీర్ (పైన అంటించే పలుచని చెక్క పొర) వేసినది చవక సరుకు, అసలైనది ఒంటిచెక్కే.

నేటి ప్లైవుడ్ సామానును చూసి కలిగిన అభిప్రాయం ఇది. ఆన్ రాణి కాలంలో (1702–1714) లండన్‌లో చేసిన మేలు రకం బీరువాలు ఓక్ లేదా పైన్ చట్రం మీద వాల్‌నట్ పొర అంటించినవే. వాల్‌నట్ చెట్టు బుడిపెల్లోని సుడుల చెక్క చూడడానికి ఎంత అందమైనదో పలకగా అంత బలహీనం. పొరగా తప్ప దానిని వాడలేరు. చేతి రంపంతో కోసిన ఆ పొర 1.5 మిల్లీమీటర్లకు పైగా మందం ఉంటుంది, యంత్రంతో కోసినది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఊడిన మూల దగ్గర ఈ తేడా చూడవచ్చు. 1721లో బ్రిటన్ తన అమెరికా, కరేబియన్ వలసల కలప మీద దిగుమతి సుంకం ఎత్తివేశాక జమైకా నుంచి మహాగనీ ధారాళంగా వచ్చింది, ఒంటిచెక్క సామాను ఆ తరవాతే ఎక్కువైంది. ఆ కలపను నరికి ఓడలకెక్కించినది బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికన్లు అన్న సంగతి ఆ బల్లల చరిత్రలో భాగమే.

అపోహ: ముద్రలో ఉన్న సంవత్సరమే వస్తువు చేసిన సంవత్సరం.

పింగాణీ పళ్ళెం అడుగున ఉన్న పాత సంవత్సరం చాలాసార్లు ఆ కంపెనీ స్థాపించిన ఏడాదో, పేటెంటు పొందిన ఏడాదో అవుతుంది. పింగాణీ తయారీదారులైన మేసన్ కుటుంబం ఐరన్‌స్టోన్ అనే గట్టి రకం పింగాణీకి 1813లో పేటెంటు తీసుకుంది. "పేటెంట్" అన్న మాట ఉన్న ముద్ర ఆ తరవాత ఎన్నో దశాబ్దాలు నడిచింది. 1842–1883 మధ్య వాడిన వజ్రాకారపు ముద్ర నమూనాను నమోదు చేసిన తేదీని చెబుతుంది, పళ్ళెం చేసిన తేదీని కాదు. "ఇంగ్లండ్" అన్న మాట ఉంటే సాధారణంగా 1891 లేదా తరవాతది అనుకోవచ్చు, ఎందుకంటే ఆ ఏడాది నుంచి అమెరికా దిగుమతి చట్టం దేశం పేరు ఉండాలని కోరింది.

వెండి దగ్గర పరిస్థితి మెరుగు. నడుస్తున్న సింహం ముద్ర వెయ్యికి 925 పాళ్ళ వెండిని, చిరుతపులి తల లండన్‌ను, లంగరు బర్మింగ్‌హామ్‌ను, ఒక అక్షరం పరీక్షించిన ఏడాదిని చెబుతాయి. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూసే మనవారికి ఇది కొత్త కాదు. కానీ ఎల్కింగ్టన్ సంస్థ 1840లో విద్యుత్తుతో వెండి పూత వేసే పద్ధతికి పేటెంటు పొందిన తరవాత వచ్చిన పూత సామానులో ఈ, పీ, ఎన్, ఎస్ అక్షరాలను (నికెల్ మిశ్రమం మీద విద్యుత్తుతో వేసిన వెండి పూత అని అర్థం) చిన్న చిన్న డాళ్ళలో, దూరం నుంచి హాల్‌మార్క్‌లా కనిపించేటట్టు కొట్టారు. భూతద్దం లేకుండా వెండి కొనకండి.

అపోహ: బాగా తోమి మెరిపిస్తే విలువ పెరుగుతుంది.

ఇత్తడి బిందెను చింతపండుతో తోమి తళతళలాడించడం మన ఇళ్ళలో శుభ్రతకు గుర్తు. అదే చేయి పతకం మీద పడితే నష్టం తిరిగి పూడ్చలేనిది. 19వ శతాబ్దపు "కంచు" పతకాల్లో చాలా భాగం నిజానికి రాగివి. అచ్చు కొట్టిన తరవాత రసాయనాలతో, వేడితో వాటికి గోధుమ రంగు పొరను కళాకారుడు కావాలనే తెప్పించాడు. ఒకసారి ఒక కుటుంబం 1851 లండన్ మహాప్రదర్శనలో ఇచ్చిన పతకాన్ని నా దగ్గరికి తెచ్చింది. ఇంటికి అతిథులు వస్తున్నారని ముందురోజే దానిని తోమారు. కొత్త నాణెంలా ఎర్రగా మెరుస్తోంది, బొమ్మలో జుట్టు పాయలు అరిగిపోయాయి. నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అదృష్టవశాత్తు అంచు మీది అక్షరాలు మిగిలాయి.

చెక్క విషయంలోనూ ఇంతే. చేతుల జిడ్డు, మైనం, ఎండ, పొగ కలిసి రెండు వందల ఏళ్ళలో తెచ్చిన రంగును మందు పూసి ఒలిచేస్తే, పైన ఎంత మంచి లక్క పాలిష్ వేసినా ఆ లోతు రాదు. పైగా లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ బ్రిటన్‌లో 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే వ్యాపించింది. అంతకు ముందటి బల్లకు అద్దంలాంటి మెరుపు దాని కాలానికి చెందినది కాదు. మెత్తని గుడ్డ, ఏడాదికి ఒకటి రెండుసార్లు కాస్త తేనెమైనం చాలు.

అపోహ: పతకం ఉందంటే ఆ సంఘటన అలాగే జరిగిందన్నమాట, అందులోనూ వెండి బంగారాలవే సేకరించదగినవి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పతకాలు ఈ రెండు మాటలనూ ఖండిస్తాయి. 1739 నవంబరులో అడ్మిరల్ వెర్నన్ ఆరు ఓడలతో, నేటి పనామాలో ఉన్న పోర్టోబెల్లోను స్పెయిన్ నుంచి పట్టుకున్నాడు. ఇంగ్లండులో ఆ సంబరానికి చవక ఇత్తడి పతకాలు వందల రకాల అచ్చులతో వెలువడ్డాయి. సంతలో సామాన్యుడు కొనుక్కున్నవి కనుక బొమ్మలు మొరటుగా, అక్షరాలు తప్పులతో ఉంటాయి. 1741లో వెర్నన్ నేటి కొలంబియాలోని కార్టహీనా మీద దండెత్తినప్పుడు, గెలుపు ఖాయమనుకుని, స్పెయిన్ సేనాని డాన్ బ్లాస్ వెర్నన్ ముందు మోకరిల్లి కత్తి అప్పగిస్తున్నట్టు పతకాలు అచ్చువేశారు. దండయాత్ర ఘోరంగా విఫలమైంది, ఆ లొంగుబాటు ఎన్నడూ జరగలేదు. ఆ ఇత్తడి ముక్క లండన్ వీధుల ఆశను నమోదు చేసింది, అందుకే దానికి అంత విలువ.

మన నేలకు దగ్గరైనది శ్రీరంగపట్నం పతకం. 1799 మే 4న టిప్పు సుల్తాన్ కోట పడిపోయిన తరవాత, ఈస్టిండియా కంపెనీ కోరిక మీద బర్మింగ్‌హామ్‌లోని మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో దీనిని కొట్టారు. అచ్చు చెక్కినవాడు కుఖ్లర్. బొమ్మవైపు పులిని అణచివేస్తున్న సింహం, బొరుసువైపు కోట ముట్టడి ఉంటాయి. హోదాను బట్టి లోహం మారింది: పెద్దలకు బంగారం, ఆ కింద వెండి, కంచు, సిపాయిలకు తగరం. ఆ యుద్ధంలో నిజాం సేన ఉంది, మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎందరో ఉన్నారు. తగరం మెత్తనిది, త్వరగా మసకబారుతుంది, నలుగుతుంది. మెరుపు చెడకుండా మిగిలిన తగరపు పతకాన్ని నేను వెండిదానికంటే ఎక్కువసేపు చేతిలో ఉంచుకుంటాను.

నకళ్ళ సంగతి కూడా చెప్పాలి. బొమ్మ, బొరుసు రెండూ చూసి సంతృప్తి పడకుండా అంచును వెలుతురులో తిప్పి చూడండి. విద్యుత్తుతో రెండు పొరలుగా చేసి అతికించిన నకలుకు అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంటుంది, బరువు కూడా సరిపోదు. మరో చిక్కు ఏమిటంటే సోహో టంకశాల మూతపడినప్పుడు అమ్ముడైన అసలు అచ్చులతోనే లండన్ పతకాల తయారీదారు డబ్ల్యూ.జె. టేలర్ 19వ శతాబ్దంలో మళ్ళీ ముద్రించాడు. అటువంటి వాటిని అచ్చు మీది తుప్పు మచ్చల ఆధారంగా నిపుణులు గుర్తిస్తారు.

అపోహ: పాత సామాను ధర ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది.

అలా ఉండదు. నల్లటి మహాగనీ బల్లలు, సొరుగుల బీరువాల ధరలు ఈ శతాబ్దం మొదటి నుంచి బాగా పడిపోయాయి. ఇంట్లో వాడుకోవాలనుకునేవారికి ఇది మంచి కాలం, పెట్టుబడి అనుకునేవారికి కాదు. వేలంలో పలికిన ధర మీద కొనుగోలుదారు రుసుము, దానిపై పన్ను కలుస్తాయని కూడా లెక్కలో ఉంచుకోవాలి.

అపోహ: వందేళ్ళు దాటితే ఏ చట్టమూ అడ్డు రాదు.

విశాఖపట్నం కళాకారులు 18వ శతాబ్దంలో ఆంగ్ల వర్తకుల కోసం చేసిన దంతపు పెట్టెలు, అద్దాల బల్లలు బ్రిటన్‌లో నేటికీ వేలాల్లో కనిపిస్తాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ ఉన్నాయి. దంతం మీద సన్నగా గీసి, ఆ గీతల్లో నల్లని లక్క నింపిన ఆ పనిని చూస్తే ఒక తెలుగువాడిగా నా గుండె నిండుతుంది. కానీ 2018 నాటి బ్రిటన్ ఏనుగుదంతపు చట్టం 2022 జూన్ 6 నుంచి అమలులోకి వచ్చాక, దంతం ఉన్న వస్తువును, అది ఎంత పాతదైనా, చట్టంలోని మినహాయింపు వర్తిస్తే తప్ప అమ్మకూడదు, కొనకూడదు. 1947కు ముందు చేసి, మొత్తం ఘనపరిమాణంలో దంతం 10 శాతం కంటే తక్కువ ఉన్న వస్తువును నమోదు చేయించి అమ్మవచ్చు. గంధపుచెక్క పెట్టె మీద పలుచగా దంతపు రేకు వేసినది ఈ లెక్కలోకి రావచ్చు, రాకపోవచ్చు, కొలిచి చూడవలసిందే. 1918కు ముందటి అత్యంత విశిష్టమైన కళాఖండాలకు వేరే మినహాయింపు, దానికి నిపుణుల పరిశీలనతో ధ్రువపత్రం అవసరం. దానిని దేశం దాటించాలంటే అనుమతులు మళ్ళీ వేరు.

భారతదేశంలో ఉన్నవారికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. దాని ప్రకారం పురావస్తువుగా లెక్కకు వచ్చే వందేళ్ళు దాటిన కళాకృతులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. తాతగారి బంగళాలోని బల్లను లండన్ వేలానికి పంపుదామని నాకు ఫొటో పెట్టేవారు మొదట ఆ పరిధిని భారత పురావస్తు శాఖ దగ్గర తేల్చుకోవాలి. ఫొటో పెట్టేటప్పుడు బల్ల ముఖం ఒక్కటి చాలదు. తిరగవేసి అడుగు, సొరుగుల వెనక వైపు, స్క్రూలు కూడా తీసి పంపండి.