కాల్స్ కోసం బ్లూటూత్ హెడ్‌సెట్: కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మొబైల్ యాక్సెసరీస్ కౌంటర్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇయర్‌బడ్స్ చెవిలో పెట్టుకుని, ఒక పాట విని, తల ఊపి "బాగుంది అన్నా, ప్యాక్ చెయ్" అంటారు. పాటల కోసం కొనేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ పొద్దున్నుంచి రాత్రిదాకా ఫోన్లోనే బతికే రియల్ ఎస్టేట్ ఏజెంట్లు, టెలికాలర్లు, అమెరికాలో ఉన్న పిల్లలతో గంటలు గంటలు మాట్లాడే పెద్దవాళ్లు కూడా ఇలాగే కొంటారు. వారం తిరక్కుండా "నా మాట అవతలివాళ్లకి సరిగ్గా వినపడట్లేదంట" అంటూ వెనక్కి వస్తారు. హెడ్‌సెట్ పాడై కాదు. కాల్స్ కోసం కొనేటప్పుడు మన చెవి కాదు, అవతలివాళ్ల చెవి తీర్పు చెప్పాలి.

అపోహ: పాట బాగా వినిపిస్తే కాల్ కూడా బాగుంటుంది.

వాస్తవం: ఈ రెండింటికీ హెడ్‌సెట్ లోపల దారులే వేరు. పాట ఫోన్ నుంచి చెవికి ఒకవైపే వస్తుంది. దానికి వాడే పద్ధతి ఏ2డీపీ. కాల్ కలవగానే మాట రెండువైపులా నడవాలి కాబట్టి హెడ్‌సెట్ హెచ్‌ఎఫ్‌పీ అనే వేరే పద్ధతికి మారిపోతుంది. అక్కడ శబ్దానికి దొరికే చోటు చాలా తక్కువ. సీడీలో పాటను సెకనుకు 44,100 సార్లు కొలిచి దాస్తారు. పాతరకం బ్లూటూత్ కాల్‌లో మాటను కొలిచేది 8,000 సార్లే. 2011లో వచ్చిన హెచ్‌ఎఫ్‌పీ 1.6తో ఎంఎస్‌బీసీ అనే కోడెక్ (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) చేరి అది 16,000కి పెరిగింది. దీన్నే వైడ్‌బ్యాండ్ లేదా హెచ్‌డీ వాయిస్ అంటారు.

ఈ తేడా మాటలో తెలిసిపోతుంది. పాతరకంలో సుమారు 3,400 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) పైన ఉన్న శబ్దం దాటి రాదు. 'స', 'ఫ' లాంటి వాటిలో బుస్సుమనే గాలి శబ్దం ఎక్కువగా ఉండేది ఆ పైనే. పాన్ కార్డ్ నంబర్ చెప్పేటప్పుడు "ఎస్సా, ఎఫ్ఫా?" అని అవతలివాళ్లు నాలుగుసార్లు అడిగేది ఇందుకే. 2016లో జియో వచ్చాక మామూలైపోయిన వోల్టే (4జీ మీద నడిచే) కాల్స్‌లో నెట్‌వర్క్ దాదాపు 7,000 హెర్ట్జ్ దాకా మోసుకొస్తుంది. మీ హెడ్‌సెట్‌కి వైడ్‌బ్యాండ్ లేకపోతే అదంతా ఫోన్ దాకా వచ్చి ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌లో పాట వింటూ మీటింగ్‌లో చేరగానే శబ్దం రేకు డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోవడానికి కూడా కారణం ఈ దారి మారడమే. బాక్స్ మీద ఎల్‌డాక్, ఆప్ట్‌ఎక్స్ హెచ్‌డీ అని కోడెక్‌ల పేర్లు ఎంత పెద్ద అక్షరాల్లో వేసినా అవి పాటలకే.

అపోహ: నాయిస్ క్యాన్సిలేషన్ ఉంది కదా, ట్రాఫిక్‌లో కూడా హాయిగా మాట్లాడొచ్చు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ డబ్బు దండగయ్యేది ఇక్కడే. ఏఎన్‌సీ, అంటే యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్, మీ చెవికి బయటి రొద వినపడకుండా చేస్తుంది. మీ మైక్‌లోకి వెళ్లే రొదతో దానికి సంబంధం లేదు. మైక్‌లోకి వెళ్లే రొదను తీసేది ఈఎన్‌సీ, అంటే ఎన్విరాన్‌మెంటల్ నాయిస్ క్యాన్సిలేషన్. బాక్స్ మీద రెండూ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి జనం ఒకటే అనుకుంటారు. పైగా ఏఎన్‌సీ వల్ల చుట్టూ ఎంత గోల ఉందో మీకే తెలియదు. మీరు తీరిగ్గా, మెల్లగా మాట్లాడుతుంటే అవతలివాళ్లకి ముందు బస్సు హారన్, తర్వాత మీరు వినిపిస్తారు. మీ గొంతును కొంచెం మీ చెవికే తిరిగి వినిపించే సైడ్‌టోన్ లేని మోడల్ అయితే దీనికి వ్యతిరేకం: చెవులు మూసుకుపోయి, సొంత గొంతు సరిగ్గా తెలియక అరిచి మాట్లాడతాం. ఆఫీసులో పక్క సీటు వాళ్లు విసుక్కునేది ఈ బాపతు మనుషుల మీదే.

ఈఎన్‌సీ కూడా అన్ని శబ్దాల్నీ ఒకేలా తీయలేదు. సీలింగ్ ఫ్యాన్, ఏసీ, బస్సు ఇంజన్ లాంటి ఒకే తీరుగా సాగే రొదను సులువుగా తీసేస్తుంది. కుక్కర్ విజిల్, హాల్లో టీవీ సీరియల్, పక్కన మాట్లాడే మనిషి అయితే కష్టం, ఎందుకంటే ఇంకొకరి మాటకీ మీ మాటకీ పోలిక ఎక్కువ. చౌక మోడళ్లు రొదతో పాటు మీ మాట చివరలు కూడా కోసేస్తాయి. తెలుగులో అసలు సంగతి ఉండేది ఆ చివరే. "ఇచ్చాను", "ఇచ్చాడు", "ఇచ్చారా" మూడూ "ఇచ్చా"గా వెళ్తే వ్యాపారం ఏం సాగుతుంది? గాలి ఇంకో తలనొప్పి. టేబుల్ ఫ్యాన్ నేరుగా మైక్ మీదికి కొట్టినా, కదిలే ఆటోలో అంచున కూర్చున్నా ఖరీదైన బడ్స్ కూడా తడబడతాయి.

అపోహ: నాలుగు మైకులున్నది రెండు మైకులదాని కంటే మేలు.

వాస్తవం: నాలుగంటే చెవికి రెండేసి. చాలా మోడళ్లలో కాల్ నడిచేటప్పుడు ఒక వైపు బడ్ మైకులే పని చేస్తాయి. ఎన్ని మైకులన్నది కాదు, నోటికి ఎంత దగ్గరగా ఉన్నాయన్నది చూడండి. దూరం సగమైతే మీ మాట మైక్‌కి 6 డెసిబెల్స్ ఎక్కువగా అందుతుంది, చుట్టుపక్కల రొద మాత్రం అంతే ఉంటుంది. అందుకే చెవిలో ఇమిడిపోయే గుండ్రటి బడ్స్ కంటే కాడ కిందికి దిగినవి సాధారణంగా నయం. వాటికంటే నోటి పక్కకి కడ్డీ వచ్చే ఒంటి చెవి హెడ్‌సెట్ ఇంకా నయం. అది పెట్టుకుంటే కాల్ సెంటర్ వాడిలా ఉంటానని కుర్రాళ్లు ముఖం చిట్లిస్తారు. రోజుకి ఐదారు గంటలు మాట్లాడేవాళ్లకి నేను మాత్రం దాన్నే చేతిలో పెడతాను.

అపోహ: వాయిస్ రికార్డర్‌లో మాట్లాడి వింటే మైక్ సంగతి తెలిసిపోతుంది.

వాస్తవం: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో హెడ్‌సెట్ కనెక్ట్ అయి ఉన్నా రికార్డర్ ఫోన్ మైక్‌నే వాడుతుంది. మీరు మెచ్చుకునేది మీ ఫోన్‌ని. నిజంగా కాల్ చేయడమొక్కటే దారి. అవతలివాళ్లని స్పీకర్ ఆన్ చేయకుండా చెవి దగ్గర పెట్టుకుని వినమనండి. ముందు ఉత్త ఫోన్‌తో, తర్వాత హెడ్‌సెట్‌తో, ఏది ఎప్పుడో చెప్పకుండా మాట్లాడండి. బీ, డీ, పీ, టీ అక్షరాలు కలిసిన ఒక బండి నంబర్ మామూలు వేగంతో చదివి, రాసుకోమని, తిరిగి చదివించుకోండి. ఆ నాలుగక్షరాలకీ తేడా మొదటి హల్లులోనే ఉంటుంది కాబట్టి బలహీనమైన మైక్ ఇక్కడే దొరికిపోతుంది. తర్వాత రోడ్డు పక్కకి వెళ్లి కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడి, ఏం వినపడుతోందో అడగండి. చివరగా ఇద్దరూ ఒకేసారి మాట్లాడి చూడండి. వాళ్ల గొంతు వాళ్లకే తిరిగి వినపడుతోందన్నా, మీ మాట మధ్యలో తెగిపోతోందన్నా ఆ పీస్ వదిలేయండి. ఏసీ గదిలో, తలుపులేసిన షాపులో అయితే అన్నీ బాగానే ఉంటాయి. కొననివ్వకుండా రోడ్డు మీదికి పంపిస్తున్నాడేంటని కొందరు నన్ను అనుమానంగా చూస్తారు, చూడనివ్వండి.

అపోహ: బ్లూటూత్ వెర్షన్ 5.3 అంటే 5.0 కంటే మాట స్పష్టంగా ఉంటుంది.

వాస్తవం: ఉండదు. 5.0లో గొప్పగా చెప్పిన నాలుగింతల దూరం, రెండింతల వేగం 'లో ఎనర్జీ' (ఎల్ఈ) అనే, తక్కువ కరెంటు వాడే బ్లూటూత్ రకానికి సంబంధించినవి. మన మామూలు కాల్స్ ఇంకా పాత క్లాసిక్ దారిలోనే నడుస్తున్నాయి. ఎల్ఈ దారిలోనే శబ్దాన్ని పంపే ఎల్ఈ ఆడియో, దాని ఎల్‌సీ3 కోడెక్ ఫోన్‌లోనూ హెడ్‌సెట్‌లోనూ రెండిట్లో ఉంటే అప్పుడు సంగతి వేరు. అది ఉందో లేదో వెర్షన్ నంబర్ చూసి చెప్పలేం.

రేంజ్ 10 మీటర్లని రాసి ఉంటే ఫోన్ వెనక జేబులో పెట్టుకున్నా తెగదనుకోవడం కూడా ఇలాంటిదే. మన ఒంట్లోని నీరు బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని మింగేస్తుంది. ఆరుబయట, తిరిగి తగలడానికి గోడల్లేని చోట, కుడి వెనక జేబుకీ ఎడమ చెవికీ మధ్య కూడా మాట తెగుతుంది. ఫోన్‌ని చొక్కా జేబులోకి మార్చి చూడండి.

అపోహ: 40 గంటల బ్యాటరీ అంటే 40 గంటలు మాట్లాడొచ్చు.

వాస్తవం: ఆ అంకె సాధారణంగా కేస్‌ని కూడా కలిపి, ఏఎన్‌సీ ఆపి, మధ్యస్థం వాల్యూమ్‌లో పాటలు వింటే వచ్చేది. కాల్‌లో మైక్, రొద తీసే చిప్ కూడా కరెంటు తాగుతాయి, కాబట్టి ఒక ఛార్జ్‌కి వచ్చే టాక్‌టైమ్ ఎంతో విడిగా అడగండి. ఎక్కువసేపు మాట్లాడేవాళ్లు ఒక బడ్ చెవిలో, రెండోది కేస్‌లో పెట్టి మార్చుకుంటూ వాడొచ్చు.

అపోహ: చెవిలో రేడియేషన్.

వాస్తవం: క్లాస్ 2 అనే మామూలు తరగతి బ్లూటూత్ పరికరం పంపే శక్తి గరిష్ఠంగా 2.5 మిల్లీవాట్లు. 4జీ ఫోన్ 200 మిల్లీవాట్ల దాకా వెళ్తుంది. చెవికి అసలు ముప్పు వాల్యూమ్‌తో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే.

అపోహ: కొన్ని నెలలకి మాట తగ్గిందంటే మైక్ పోయినట్టే.

వాస్తవం: రిపేర్‌కి వచ్చేవాటిలో చాలావాటికి జబ్బు మైక్ రంధ్రం మీది సన్నటి జాలీలో ఉంటుంది. చెమట, దుమ్ము, పౌడర్ కలిసి గట్టిపడి ఉంటాయి. పొడిగా ఉన్న మెత్తటి బ్రష్‌తో, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని నిదానంగా తుడిస్తే చాలాసార్లు మాట తిరిగొస్తుంది. పిన్నీసు మాత్రం పెట్టకండి. జాలీ వెనకే ఉన్న పల్చటి పొరకి చిల్లు పడితే ఆ మైక్ మార్చాల్సిందే, బడ్స్‌లో అది మార్చే ఖర్చుకి ఇంకొంచెం వేస్తే కొత్త జత వస్తుంది.