బోరు పాయింటు వెనక వందేళ్ల చరిత్ర

చిత్తూరు జిల్లాలో బోరు వేయించాలనుకున్న రైతు ముందుగా పిలిచేది అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో తిరిగే మనిషిని. చేతిలో ఇంకాస్త డబ్బుంటే మిషను పెట్టి చూసే జియాలజిస్టును కూడా పిలుస్తాడు. ఇద్దరూ చూపిన చోట కూడా దుమ్మే లేచిన బోర్లు పలమనేరు, కుప్పం వైపు ఎన్నో ఉన్నాయి. మిషను ఏం చూస్తుందో, ఏం చూడలేదో రైతుకు ఎవరూ విడమరిచి చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక్కడి నేల చాలావరకు గ్రానైటు, నైస్ అనే గట్టి రాళ్లే. నీళ్లు ఉంటే పైనున్న మెత్తబడిన రాతిలో, అంటే గరుసులో ఉండాలి, లేదా కింద గట్టి రాతి పగుళ్లలో ఉండాలి. బావులు, ఎద్దులతో నీళ్లు తోడే కపిలల కాలంలో గరుసు నీళ్లే సరిపోయేవి. బోరు రిగ్గులు, కరెంటు మోటార్లు వచ్చాక గరుసు ఎండింది, వేట పగుళ్ల కోసం వెయ్యి అడుగులకు దిగింది.

పైనుంచి చూసి లోపలి నీటిని పసిగట్టే ప్రయత్నం పాతదే. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్లనూ పుట్టలనూ బట్టి ఊటను గుర్తించే పద్ధతులు రాశాడు. చెదలకు తేమ కావాలి కాబట్టి ఆ మాటల్లో అర్థముంది. కాకపోతే అవి బావి లోతు నీళ్లకు చెప్పిన గుర్తులు.

కరెంటుతో భూమిని పరీక్షించడం ఖనిజాల కోసం మొదలైంది. 1830లో రాబర్ట్ ఫాక్స్ ఇంగ్లండులోని కార్న్‌వాల్ రాగి గనుల్లో సహజంగా పారే విద్యుత్తును గమనించాడు. 1912లో ఫ్రాన్సులో కాన్రాడ్ ష్లంబర్జర్ తానే నేలలోకి కరెంటు పంపి కొలిచాడు. అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ 1915లో నాలుగు కడ్డీల పద్ధతి ప్రకటించాడు. మన దేశంలో ఈ శాస్త్రానికి పెద్ద ఆసరా 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ.

మన చేలల్లో ఇప్పటికీ జరిగేది ఆ నాలుగు కడ్డీల పనే. కడ్డీలను ఒకే వరుసలో సుత్తితో దిగ్గొడతారు. నేల మరీ ఎండి ఉంటే కడ్డీ మొదట్లో ఉప్పునీళ్లు పోస్తారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చదువుతారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. గట్టి రాయి కరెంటును బాగా అడ్డుకుంటుంది, తడి గరుసు తేలిగ్గా పోనిస్తుంది.

చిక్కంతా ఇక్కడే. మిషను కొలిచేది నీళ్లను కాదు, నిరోధాన్ని. బంకమట్టి కూడా నీళ్లున్న గరుసులాగే రీడింగ్ ఇవ్వగలదు. గట్టి రాతి కింద ఎనిమిది వందల అడుగుల్లో ఉన్న సన్నని పగులు పైనుంచి దాదాపు కనబడదు. అంత లోతు చూడాలంటే కేబుళ్లు వందల మీటర్లు పరచాలి. రెండెకరాల కమతంలో, పక్కన మామిడి తోట, కంచె ఉన్నచోట అది ఎలా కుదురుతుంది? ఒకే పాయింటు చూసి వెళ్లిపోతే అది సర్వే అనిపించుకోదు.

2020లో మొదలైన ఉచిత బోర్ల పథకం జలకళలోనూ ముందు భూగర్భ సర్వే చేయాలనే పెట్టారు. ఆలోచన మంచిదే, కానీ పగులు గట్టు దగ్గర ఆగదు, ఊళ్లూ దాటిపోతుంది. కర్ణాటకలో తుమకూరు జిల్లా అంకసంద్ర ప్రాంతంలో హెలికాప్టరుకు పరికరం కట్టి భూగర్భాన్ని మ్యాపు చేశారు. అక్కడిదీ గట్టి రాతి నేలే. పలమనేరు, కుప్పం రైతులకు కావలసింది అలాంటి మ్యాపు, అది కూడా రిగ్గు లారీ ఊళ్లోకి రాకముందే.