షెల్టర్ కుక్క ఇంటికొస్తోంది, ఇంట్లో ఉన్నవాటి సంగతేంటి? అపోహలు - వాస్తవాలు

దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్ నుంచి వాటిని పెంచుకునేవాళ్ల ఇళ్లకు పంపడం నా పని. పంపాక వచ్చే ఫోన్లు ఎత్తడం కూడా నా పనే. మొదటి రోజు సాయంత్రం వచ్చే ఫోన్లలో సంతోషం ఉంటుంది. మూడో రోజు రాత్రి వచ్చేవి వేరే రకం.

"మేడమ్, పిల్లి బీరువా ఎక్కి కూర్చుంది. పొద్దుటి నుంచి దిగలేదు. కుక్కేమో బీరువా ముందు నుంచి కదలట్లేదు. పేరు పెట్టి పిలిచినా ఇటు చూడట్లేదు. ఏం చేయమంటారు?"

"రెండింటినీ ఎప్పుడు కలిపారండీ?"

"తెచ్చిన రోజే. షెల్టర్‌లో అంత బుద్ధిగా ఉంది కదా అని..."

ఆ 'కదా అని' దగ్గరే ఉంటుంది చిక్కంతా. ఇన్నేళ్లలో నేను విన్న 'కదా అని'లు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: షెల్టర్‌లో బుద్ధిగా ఉన్న కుక్క ఇంట్లోనూ అలాగే ఉంటుంది.

వాస్తవం: చుట్టూ మొరుగుళ్లు, తెలియని వాసనలు, గంటకో కొత్త మొహం. అలాంటి చోట చాలా కుక్కలు గోడకు ఆనుకుని నోరెత్తకుండా పడుకుంటాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు "ఎంత నెమ్మదిగా ఉందో!" అంటారు. అది నెమ్మది కాదు, భయంతో బిగుసుకుపోవడం. 1997లో మైకేల్ హెన్నెస్సీ బృందం అమెరికాలోని ఒక షెల్టర్‌లో కుక్కల రక్తం పరీక్షించింది. కొత్తగా వచ్చిన కుక్కల్లో మొదటి మూడు రోజులూ కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను బాగా ఎక్కువగా కనిపించింది. మీ ఇల్లు కూడా దానికి మొదట కొత్త చోటే. ఆ భయం వదిలాక బయటపడేదే అసలు కుక్క. అది ఇంకా మంచిదై ఉండొచ్చు, పిల్లి కనబడితే పరుగందుకునేదీ అయి ఉండొచ్చు.

షెల్టర్‌లో పెట్టే పరీక్షలనూ అతిగా నమ్మకండి. తిండి గిన్నె దగ్గర గుర్రుమనే కుక్కల మీద 2013లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. షెల్టర్‌లో గుర్రుమన్నవాటిలో సుమారు సగమే ఇంటికెళ్లాక కూడా అలా చేశాయి. పరీక్షలో పాసైనవాటిలో మాత్రం దాదాపు ఐదింట ఒకటి ఇంట్లో మొదలుపెట్టింది. అందుకే "ఇది పిల్లులతో బాగుంటుంది" అని నేను ఎవరికీ హామీ ఇవ్వను. "మా దగ్గర పిల్లిని చూసినప్పుడు ఇలా చేసింది" అని చూసింది చూసినట్టు చెప్తాను. హామీ కావాలని పట్టుబట్టేవాళ్లు ఉంటారు. వాళ్లకు కోపం వచ్చినా సరే.

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని మా పనిలో ఒక లెక్క ఉంది. మూడు రోజులు బెరుకు, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలియడం, మూడు నెలలకు 'ఇది నా ఇల్లే' అనిపించడం. ఇది సైన్సు కాదు, అనుభవం మీద వేసుకున్న అంచనా. కొన్నింటికి ఏడాది పట్టడం కూడా చూశాను.

అపోహ: ఒక చోట వదిలేస్తే వాటిలో అవే తేల్చుకుంటాయి.

వాస్తవం: తేల్చుకుంటాయి, నిజమే. ఎలా తేల్చుకుంటాయన్నదే సమస్య. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం కదా. ఇక్కడ ఎలుక పాత్ర మీ పిల్లిది. ఒక్కసారి పిల్లి పరుగెత్తి, కుక్క వెంటపడిందంటే ఆ ఆట రుచి కుక్కకు తెలిసిపోతుంది. ఆ తర్వాత మాన్పించడానికి నెలలు పడుతుంది. అసలు ఆ మొదటి పరుగు జరగకుండా చూడటం చాలా తేలిక.

కొత్త కుక్కకు తలుపున్న ఒక గది ఇవ్వండి. మొదటి కొన్ని రోజులు పిల్లీ అదీ ఒకదాన్నొకటి చూడనే కూడదు. వాసనలే మాట్లాడుకోవాలి. కుక్క పడుకున్న గుడ్డ ముక్క తెచ్చి పిల్లి తినే చోటికి కాస్త దూరంగా వేయండి. పిల్లిది తీసుకెళ్లి కుక్క దగ్గర వేయండి. పిల్లి ఆ గుడ్డ చూసి బుస్సుమనకుండా తిండి తినేస్తోందంటే, గదికి పిల్లలకు పెట్టే బేబీ గేటు బిగించి, దాని మీద దుప్పటి కప్పండి. తర్వాత రోజుకు కొంచెం చొప్పున దుప్పటి పైకి మడవండి. చూపులు కలిసే రోజున కుక్కకు బెల్టు కట్టి ఉండాలి, మీ చేతిలో దానికిష్టమైన తిండి ఉండాలి. రెండు మూడు నిమిషాలు చాలు. ఇంకాసేపు ఉంచుదామని మనకే ఆశ పుడుతుంది. ఉంచొద్దు.

ఆ రెండు మూడు నిమిషాలూ కుక్క కళ్లే చూడండి. పిల్లిని చూసి, మళ్లీ మీ వైపు తిరిగి, తిండి తీసుకుంటే బాగున్నట్టు. నోరు మూసుకుని, చెవులు ముందుకు పెట్టి, ఒంట్లో ఒక్క కండరం కదలకుండా నిలబడిపోతే, ముక్కు ముందు పెట్టిన తిండిని కూడా పట్టించుకోకపోతే, అది వేట చూపు. మాట్లాడకుండా పక్కకు తీసుకెళ్లిపోండి. మొరిగే కుక్క కంటే ఇలా బిగుసుకున్న కుక్కే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

పిల్లికి ఎక్కి కూర్చునే ఎత్తైన చోట్లు ఒకటి కాదు, గదికొకటి ఉండాలి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి నేల తాకకుండా వెళ్లగలిగితే ఇంకా మంచిది. లిట్టర్ బాక్స్, అంటే పిల్లి మలమూత్రాలకు పెట్టే డబ్బా, కుక్కకు అందని చోట పెట్టండి. కుక్క అక్కడ పిల్లికి దారి కాచి భయపెడుతుందని ఒక కారణం. రెండోది, కుక్కలు అందులోవి తింటాయి. ఈ మాట చెప్పడానికి మొదట్లో మొహమాటపడేదాన్ని, ఇప్పుడు పడను. ఇంకోటి: పిల్లి రెండు రోజులు ఏమీ తినకపోతే దాన్ని అలక అనుకోవద్దు, లివర్ దెబ్బతింటుంది. మగపిల్లి పదేపదే లిట్టర్ బాక్స్‌లో కూర్చుని మూత్రం రాక ఇబ్బంది పడుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంట్లో ఉన్నది కుక్కే అయితే పరిచయం ఇంటి బయట చేయాలి, అదీ ఏ కుక్కా తనదనుకోని చోట. ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు, మధ్యలో ఇరవై అడుగులు, ఒకే దిక్కుకి నడక. బెల్టు వదులుగా ఉండాలి. మీరు బిగపడితే మీ టెన్షన్ దాని మెడకు తెలుస్తుంది. ఎదురెదురుగా తెచ్చి ముక్కు ముక్కు ఆనించకండి, కుక్కల మర్యాదలో అది గొడవకు దిగినట్టు. నడుస్తూ నడుస్తూ దూరం తగ్గించుకుంటూ, చివరికి రెండూ కలిసి ఇంట్లోకి రావాలి. వచ్చేలోపు గిన్నెలు, బొమ్మలు, ఎముకలు అన్నీ తీసేసి ఉండాలి.

అన్నీ అంటే అన్నీ. ఈ మాట మీద నాకు హక్కుంది. కొన్నేళ్ల క్రితం ఒక ఆడకుక్కను కొన్నాళ్లు ఉంచుకుందామని నా ఇంటికే తెచ్చాను. నాలుగో రోజు. మా ముసలి కుక్క గుమ్మం దగ్గర పడుకుంది, కొత్తది సోఫా పక్కన. అంతా ప్రశాంతం. నేను బెల్టు విప్పేశాను. సోఫా కింద ఎప్పటిదో సగం నమిలిన ఎముక ఉందని నాకు తెలియదు, దానికి తెలుసు. మావాడు ఊరికే వాసన చూద్దామని దగ్గరికొచ్చాడు. రెండు సెకన్లలో రెండూ ఒకటే ముద్ద. నేను మెడలు పట్టుకుని విడదీయబోయాను, ఎవరికీ చేయొద్దని చెప్పే పని. బొటనవేలి కింద నాలుగు కుట్లు పడ్డాయి. కరిచింది మావాడో కొత్తదో ఇప్పటికీ తెలియదు. పావుగంట సబ్బు, ధార నీళ్లతో కడిగి, డాక్టర్ దగ్గరికి వెళ్లి రేబిస్ టీకాలు వేయించుకున్నాను. కుక్కలు కలబడితే మధ్యలో చేయి పెట్టకండి. దిండు, కుర్చీ, దుప్పటి, ఏది దొరికితే అది అడ్డం దూర్చండి.

అపోహ: గుర్రుమంటే వెంటనే గదమాయించాలి, లేకపోతే నెత్తికెక్కుతుంది.

వాస్తవం: 'మొరిగే కుక్క కరవదు' అనేది సామెతగా బాగుంటుంది, నమ్ముకుని చేయి పెడితే మాత్రం కుట్లే. అయితే గుర్రుమనడం తప్పు కాదు. "ఇంకా దగ్గరికి రావొద్దు" అని కుక్క నోటితో చెప్పే మాట అది. ఆ మాటకు దెబ్బలు పడితే మాట మానేస్తుంది, ఇష్టం లేకపోవడం మాత్రం అలాగే ఉంటుంది. "ముందు ఏ సూచనా లేకుండా కరిచిందండీ" అని చెప్పే ఇళ్లలో కాస్త తవ్వితే, అంతకుముందు గుర్రుమన్నప్పుడల్లా కొట్టారని తెలుస్తుంది. గుర్రుమన్నప్పుడు దూరం పెంచండి. ఎందుకు గుర్రుమందో తర్వాత ఆలోచించండి: తిండా, పడక చోటా, మీ ఒళ్లా, లేక ఒంట్లో ఎక్కడైనా నొప్పా?

అపోహ: తోక ఊపుతోంది, అంటే స్నేహమే.

వాస్తవం: కాదు. బిర్రుగా పైకి లేచి గబగబా కొట్టుకునే తోక వేరు, నడుముతో సహా వదులుగా ఊగే తోక వేరు. 2007లో ఇటలీ పరిశోధకులు ఒక తమాషా సంగతి గమనించారు. కుక్కలు తమ యజమానిని చూసినప్పుడు తోక కుడివైపుకు ఎక్కువ ఊపాయి, తెలియని, పెత్తనం చేసే కుక్క ఎదురైనప్పుడు ఎడమవైపుకు. ఇంట్లో కొలుచుకుంటూ కూర్చోలేం గానీ, తోక ఊపు ఒకటే రకం కాదని తెలిస్తే చాలు.

అపోహ: కుక్కలది తోడేళ్ల గుంపు లెక్క, నాయకుడెవరో మనం తేల్చాలి.

వాస్తవం: ఇది 1947 నాటి సంగతి. రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త జూలో బంధించి పెట్టిన తోడేళ్లను చూసి పెత్తనం కోసం పోట్లాడుకుంటాయని రాశాడు. ఒకదానికొకటి ఏమీ కాని జంతువుల్ని ఒకే ఆవరణలో పెడితే పోట్లాడుకోక ఏం చేస్తాయి? డేవిడ్ మీచ్ అనే తోడేళ్ల పరిశోధకుడు మొదట్లో ఆ మాటే ప్రచారం చేశాడు, తర్వాత అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి 1999లో దిద్దుకున్నాడు. గుంపు అంటే చాలావరకు అమ్మ, నాన్న, పిల్లలు. అంతే. కాబట్టి కొత్త కుక్కను వెల్లకిలా పడేసి అదిమిపట్టడం, దాని గిన్నెలో చేయి పెట్టి ఎవరు పెద్దో చూపించడం మానేయండి. కొత్త ఇంట్లో బెదిరి ఉన్న జంతువుకు మీరంటే కూడా భయం పుట్టించడమే మిగులుతుంది.

పాత కుక్క విషయంలో నేను చూసేది ఒక్కటే. కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టేసినట్టు కాకూడదు. దాని నడక వేళ, తిండి వేళ, రాత్రి పడుకునే చోటు నిన్నటిలాగే ఉండాలి.

అపోహ: షెల్టర్‌లో టీకాలు వేశారు, ఇక జబ్బుల భయం లేదు.

వాస్తవం: టీకా పనిచేయడానికి రోజులు పడుతుంది, ఈలోపే జబ్బు అంటుకుని ఉండొచ్చు. పార్వో (వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు), కెన్నెల్ కాఫ్ (ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే దగ్గు) లాంటివి బయటపడటానికి సాధారణంగా రెండు వారాల్లోపు పడుతుంది. కొత్త కుక్కకు వేరే గది ఇవ్వమన్నది ఇందుకు కూడా పనికొస్తుంది. పార్వో వైరస్ నేలలో, వస్తువుల మీద నెలల తరబడి బతుకుతుంది, చేతికి రాసుకునే శానిటైజర్‌కు చావదు. కెన్నెల్ కాఫ్ తెచ్చే బోర్డెటెల్లా బ్యాక్టీరియా పిల్లులకూ సోకుతుంది. తామర అయితే కుక్కకూ, పిల్లికీ, మీకూ తేడా చూపించదు. మీ పాత జంతువుల టీకాలు ముందే పూర్తి చేయించండి.

ఇది మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి: కుక్కల మెడ మీద వేసే కొన్ని పిడుదు మందుల్లో పెర్మెత్రిన్ అనే రసాయనం ఉంటుంది. అది పిల్లికి విషం. పిల్లికి వేయడమే కాదు, మందు తడి ఆరని కుక్కను పిల్లి నాకినా, రాసుకుని పడుకున్నా వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. ఇంట్లో పిల్లి ఉందని డాక్టర్‌కు చెప్పి మందు రాయించుకోండి.

అపోహ: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే గొడవలన్నీ పోతాయి.

వాస్తవం: పిల్లలు పుట్టవు, మగకుక్కలు జత కోసం తిరగడం తగ్గుతుంది. భయంతో వచ్చే గుర్రు, తిండి దగ్గర పోట్లాట ఆపరేషన్‌తో పోవు. మగకుక్కలో ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు పిల్లల్ని పుట్టించే శక్తి మిగిలి ఉంటుందని చాలామందికి తెలియదు.

అపోహ: కుక్కపిల్లను తెస్తే ఏ బెంగా ఉండదు.

వాస్తవం: మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల ఏది చూస్తే అది మామూలే అనుకుంటుంది, ఆ వయసులో పిల్లికి అలవాటు చేయడం తేలిక. అక్కడివరకు ఒప్పుకుంటాను. కానీ మీ ఇంట్లో కీళ్ల నొప్పులున్న పన్నెండేళ్ల కుక్క ఉంటే, రోజంతా చెవులు పట్టి లాగే పిల్ల దానికి శిక్ష. అలాంటి ఇంటికి నేను ఐదారేళ్ల కుక్కనే చూపిస్తాను.

అపోహ: కుందేలు, పిట్టలతో కూడా మెల్లగా అలవాటైపోతుంది.

వాస్తవం: వద్దండీ. కొన్ని ఇళ్లలో కుదిరిన ఫోటోలు చూసే ఉంటారు. కుక్క ముట్టుకోకపోయినా కుందేలు బెదురుతో తిండి మానేస్తుంది. సగం రోజు తినకపోతే దాని పేగులు ఆగిపోయే ప్రమాదం. వేరే గది, మూసిన తలుపు. ఎప్పటికీ.

అపోహ: నెల రోజుల్లో స్నేహం కుదరకపోతే ఆ కుక్క మనకు పనికిరాదు.

వాస్తవం: స్నేహం కుదరాలని ఎవరన్నారు? నేను ఇళ్లకు ఫాలో-అప్‌కి వెళ్లినప్పుడు ఒకదాని మీద ఒకటి తల పెట్టి పడుకున్నాయా అని చూడను. ఒకటి లేచి వెళ్తుంటే రెండోది పట్టించుకోకుండా ఉందా అని చూస్తాను. ఒకదాన్నొకటి పట్టించుకోకపోతే చాలు, ఆ ఇల్లు కుదిరినట్టే. అది కూడా కుదరని జతలు ఉంటాయి. పిల్లిని కరిచిన కుక్కనో, బిగుసుకున్న ఆ చూపు వారాలు గడిచినా సడలని కుక్కనో వెనక్కి తెస్తే నేను ఒక్క మాట అనను. పిల్లులు లేని ఇల్లు దానికి వెతుకుతాను.

బీరువా వాళ్లకు ఆ రాత్రి ఫోన్‌లోనే చెప్పాను: కుక్కకు బెల్టు కట్టి పక్క గదిలోకి తీసుకెళ్లండి, తలుపేయండి, పిల్లిని దించకండి, అదే దిగుతుంది. మర్నాటి నుంచి గుడ్డ ముక్కలతో మొదలుపెట్టించాను. పదకొండో వారంలో వాళ్లింటికి వెళ్లాను. కుక్క హాలు మధ్యలో పడుకుని ఉంది. పిల్లి వంటింట్లోంచి వచ్చింది, దాని తోక పక్కనుంచే నడుచుకుంటూ లిట్టర్ బాక్స్ ఉన్న గదిలోకి పోయింది. కుక్క ఒక చెవి ఎత్తింది, మళ్లీ దించేసుకుంది.