తుప్పు పట్టిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు బాడీ పునరుద్ధరణ: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు 5 లక్షలకు పైగా తయారైన ఎం.జి.బి. కారుకు విడి ఛాసిస్ (బాడీ కింద బరువు మోసే చట్రం) లేదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా సాగే సిల్లులు, ముందువెనుకల అడ్డగోడలు అన్నీ స్పాట్ వెల్డింగుతో అతికిన ఒకే పెట్టె కాబట్టి, కారు బరువును మోసేది ఆ రేకులే. అందువల్ల ఈ కార్ల తుప్పును అందానికి సంబంధించిన లోపంగా మాత్రమే చూడకూడదు. పైగా బ్రిటన్‌లో చలికాలమంతా రోడ్లపై ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు బురదతో కలిసి బాడీ సందుల్లో చేరి తడిని పట్టి ఉంచుతుంది. ఈ పనిలో ఉన్నవాడిగా నాకు తరచూ వినిపించే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: పెయింటు మీద పొక్కు చిన్నదే, గీకి పుట్టీ పెట్టి రంగు వేస్తే చాలు.

రాయి తగిలి పెయింటు లేచినచోట తుప్పు పైనుంచే మొదలవుతుంది, నిజమే. కానీ మడ్‌గార్డుల అంచుల్లో, సిల్లుల మీద, తలుపుల అడుగున కనిపించే పొక్కులు చాలావరకు లోపలి నుంచి బయటికి వచ్చినవే. ఎం.జి.బి.లో ముందు చక్రం వెనుక, మడ్‌గార్డు లోపల, బురదను ఆపడానికి ఒక అడ్డురేకు, దాని అంచున రబ్బరు పట్టీ ఉంటాయి. ఆ రబ్బరు ఎండి ముడుచుకుపోతే చక్రం చిమ్మే బురద అడ్డురేకు వెనక్కి చేరి, అక్కడే పేరుకుని, మడ్‌గార్డు అడుగుభాగాన్నీ సిల్లు ముందు కొసనూ ఏళ్ల తరబడి లోపలి నుంచి తింటుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, రెండు రేకులు కలిసే అతుకులను అది విడదీసి ఉబ్బిస్తుంది. పైన పొక్కు కనిపించేసరికి వెనుక రేకు చిల్లులు పడి ఉండవచ్చు. కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి. అది పట్టనిచోట ఉన్నది ఇనుము కాదు, పుట్టీ.

అపోహ: బయటి సిల్లు మారిస్తే సిల్లు పని పూర్తయినట్లే.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించే నమ్మకం ఇదే. ఎం.జి.బి. సిల్లు ఒకే రేకు కాదు. బయటి సిల్లు, లోపలి సిల్లు, రెంటి మధ్య నిలువుగా నిలబడే రేకు, అడుగున కోట గోడ ఆకారంలో మడిచిన పట్టీ కలిసి ఒక గొట్టంలా పనిచేస్తాయి. టాపు లేని రోడ్‌స్టర్‌లో కారు నడుమ వంగకుండా నిలిపే బాధ్యత ప్రధానంగా వీటిదే. మధ్యరేకు చివికిపోయి ఉండగా దాన్ని కొత్త బయటి సిల్లుతో మూసేస్తే, చూపుకు బాగుంటుంది గాని బలం రాదు. పాత సిల్లు మీద తొడిగే పలుచని కవరు రేకుల సంగతి ఇంకా అన్యాయం. అవి తడిని లోపల బంధించి, మిగిలిన ఇనుమును కూడా త్వరగా నాశనం చేస్తాయి.

బయటి సిల్లు తలుపు వెడల్పుతో ఆగదు. ముందు మడ్‌గార్డు కిందికి, వెనుక మడ్‌గార్డు కిందికి కూడా సాగుతుంది. కాబట్టి సరైన పద్ధతిలో, బోల్టులతో బిగించిన ముందు మడ్‌గార్డును ఊడదీయాలి, వెల్డింగుతో అతికి ఉన్న వెనుక మడ్‌గార్డు అడుగుభాగాన్ని కోసి తీయాలి. తలుపు వెడల్పు మేరకే కోసి అతికిన సిల్లు చవకగా పూర్తవుతుంది, కానీ రెండు కొసల్లోని కుళ్లు అలాగే ఉండిపోతుంది.

కోయడానికి ముందు చేయవలసిన పని కోత కంటే ముఖ్యమైనది. కారు బరువును సస్పెన్షన్ దగ్గర సమంగా ఆనించి, తలుపు ద్వారానికి అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించి, ఒకసారికి ఒకవైపు మాత్రమే కోయాలి. తలుపును బిగించి ఉంచి, ప్రతి దశలోనూ దాని చుట్టూ సందు కొలవాలి. నడుమ కుంగితే తలుపు పైఅంచున సందు బిగుసుకుంటుంది. అది గమనించకుండా వెల్డింగు చేస్తే వంకర శాశ్వతమవుతుంది, ఆపై ఎన్ని తలుపులు మార్చినా సరిపడవు.

అపోహ: విడి ఛాసిస్ ఉన్న కారుకు బాడీ తుప్పుతో ప్రమాదం లేదు.

1960లలో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మన పెద్దవాళ్లలో చాలామందికి గుర్తుంటుంది. దానికి మూలమైన ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌ను కురచ చేసి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తెచ్చారు. అయితే హెరాల్డ్‌కు పక్కల ఉండే బయటి ఛాసిస్ కడ్డీలను స్పిట్‌ఫైర్‌లో తీసేసి, ఆ బలాన్ని బాడీ సిల్లుల మీద మోపారు. అంటే ఛాసిస్ విడిగా ఉన్నా అక్కడ సిల్లు అలంకారం కాదు.

అపోహ: బాడీ మొత్తాన్ని ఇసుకతో బ్లాస్టింగ్ చేయించడమే శ్రేష్ఠం.

దళసరి ఛాసిస్ భాగాలకు, సస్పెన్షన్ భాగాలకు అది మంచి పద్ధతి. సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం ఉండే బానెట్, తలుపుల వంటి వెడల్పాటి రేకుల మీద గట్టి ఒత్తిడితో ఇసుక కొడితే, దెబ్బలు తిన్న ముఖం సాగి రేకు వంకర పోతుంది. దాన్ని మళ్లీ చదును చేయడం చాలా కష్టం. అటువంటి రేకులకు పెయింటు తీసే ద్రావణం, మెత్తని డిస్కు, ఓపిక చాలు.

అపోహ: తుప్పును మార్చే ద్రావణం పూస్తే కోత అవసరం లేదు.

ఫాస్ఫారిక్ ఆమ్లం లేదా టానిక్ ఆమ్లం ఉన్న ఈ ద్రావణాలు పలుచని పైతుప్పును స్థిరమైన పొరగా మారుస్తాయి. పొరలు పొరలుగా లేచిన తుప్పులోకి, మూసిన సందుల్లోకి అవి పూర్తిగా చేరవు, పోయిన ఇనుమును తిరిగి తేవు. వెనుక కమాన్ కట్టలు బిగించే చోట్ల రేకు పలుచబడితే కోసి కొత్తది వేయడమే మార్గం.

పుట్టీ వాడితే మోసం, సీసంతో నింపితేనే అసలైన పని అనే మాట కూడా వింటుంటాను. చిల్లును పుట్టీతో పూడ్చడం తప్పే. లోహం గట్టిగా ఉండి, చదును చేయడానికి రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా పెట్టిన పుట్టీలో తప్పేమీ లేదు.

అపోహ: అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ బాడీలకు ఈ బెడద లేదు.

ఆస్టిన్-హీలీ 3000లో ముందువెనుకల పైరేకులు అల్యూమినియం, మడ్‌గార్డులు ఉక్కు. రెండు లోహాలు ఆనుకున్నచోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం తెల్లని పొడిగా రాలుతుంది. మధ్యలో ఆ లోహాలను వేరుచేసే పొర తప్పనిసరి. లోటస్ ఎలాన్ బాడీ ఫైబర్‌గ్లాస్ అయినా దాని వెన్నెముక ఛాసిస్ ఉక్కే. ముందు అడ్డదూలమే హెడ్‌లైట్లను పైకెత్తే వాక్యూమ్ (గాలి తీసేసిన) ట్యాంకు కూడా కావడంతో, లైట్లు పైకి నిలవకపోతే దాని లోపలి తుప్పును అనుమానించాలి.

అపోహ: అడుగున తారు పూత మందంగా వేస్తే తుప్పు రాదు.

తారు పూత కాలక్రమంలో గట్టిపడి పగులుతుంది. పగుళ్లలోంచి దూరిన నీరు పూతకూ రేకుకూ మధ్య నిలిచి, ఎవరికీ కనిపించకుండా తన పని చేస్తుంది. పాత పూతను పూర్తిగా గీకి రేకును చూసిన తర్వాతే కొత్త పూత గురించి ఆలోచించాలి. సిల్లుల వంటి మూసిన అరల్లోకి, పెయింటు పని పూర్తయ్యాక, పొడవాటి గొట్టంతో పలుచని మైనపు పూతను చిమ్మాలి. అది అతుకుల్లోకి పాకుతుంది, మెత్తగా ఉంటుంది కనుక సులభంగా పగలదు. మైనం చిమ్మిన మరునాడు తలుపుల అడుగున, సిల్లుల కింద ఉన్న నీటి రంధ్రాలు పూడిపోయాయేమో చూసి, సన్నని తీగతో తెరవాలి. కొన్నేళ్లకొకసారి చలికాలం రాకముందే ఈ పూతను మళ్లీ వేయించాలి.